పిన్ని కొడుకు

ఎడమ జేబులోనే ఉన్నాయి, ఎక్కడికీ పోలేదు, అని ఎలియో ఫగుందెస్ మూడోసారి కోటు మీద నుంచే తడిమి చూసుకున్నాడు. పల్చటి కాగితంలో చుట్టిన రెండు భుజం పట్టీలు, సార్జెంట్ మేజర్‌వి, ఇరవై రెండేళ్లుగా రెజిమెంటు గేటుకు ఎదురుగా ఉన్న దుకాణంలో తన చేత్తో తాను అమ్ముతున్న సరుకే, వందల జతలు బల్ల మీద నుంచి అవతలికి తోశాడు, ఏనాడూ అరచెయ్యి చెమర్చలేదు. ఈ రోజు చెమరుస్తోంది. సరుకు ఎరిగినవాడికి సరుకంటే బెరుకుండదని నాన్న అనేవాడు, ఆయన ఆదివారం సంతల్లో దుప్పట్లు అమ్మేవాడు, గొంతే ఆయన పెట్టుబడి. పట్టీలు పెట్టడానికి వచ్చే పెళ్లాలూ తల్లులూ ఏటా ఒకరిద్దరైనా చేతులు వణికి తలకిందులుగా గుచ్చేస్తారు, అది చూసి ఎలియో దుకాణం గుమ్మంలో నిలబడి నవ్వుకునేవాడు, నక్షత్రం మెడవైపు, గీత చెయ్యివైపు, ఇంత చిన్న సంగతి తెలీదా అని. ఇంకాసేపట్లో ఇవి వాల్దెమార్ భుజాల మీద ఉంటాయి. పెట్టేది తను. పెట్టేముందు అందరికీ వినపడేలా ఒక మాట చెప్పాల్సింది కూడా తనే. సంతలో ఒక్క పొద్దుట్లో వెయ్యి మాటలు అరిచి పెరిగినవాడికి ఒక్క మాట ఏపాటి బరువు అని తూచి చూస్తే, తక్కెడ కిందికి దిగుతూనే ఉంది, నేల తగలడం లేదు.

పొద్దున్నే కమ్మిన పొగమంచు విడిపోయి శరత్కాలపు ఎండ మైదానం మీద పరుచుకుంటోంది, గడ్డి ఇంకా తడిగానే ఉంది, వరసలు కట్టిన సిపాయిల బూట్లు మెరుస్తున్నాయి, ఆ మెరుపులో సగం తన దుకాణంలో కొన్న పాలిష్‌దే. కుటుంబాల కోసం వేసిన చెక్క బెంచీల మీద ఒడిలో ఫ్లాస్కులు, చేతుల్లో మాతె అనే చేదు ఆకు టీ నింపిన బుర్రలు, ఒకరు తాగి పక్కవాళ్లకు అందిస్తున్నారు, ఎవరి వంతు ఎవరిదో అడక్కుండానే. ప్రమోషన్ వచ్చిన ముగ్గురూ మైదానం మధ్యలో నిలబడి ఉన్నారు, చిన్న హోదా నుంచి పెద్ద హోదాకు, వాల్దెమార్ చివర. ఇక్కణ్ణుంచి పక్క మొహమే కనిపిస్తోంది, నున్నగా గీసిన దవడ, చెవి కింద చిన్న గాటు. ఆ గాటు పొద్దున పడింది. అద్దంలోంచి తనవైపు చూస్తూ గీసుకోవడం వల్ల పడింది. "నీ ఇష్టం ఎలియో, నేనేమీ అడగను," అన్నాడు, నురగ నిండిన చెంపతో, "కానీ దీని తర్వాత నాకు ఇంకో ప్రమోషన్ లేదు. అది మాత్రం గుర్తుపెట్టుకో." అంతే, కత్తి కడుక్కుని టోపీ పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. బేరం చేసేవాడైతే బదులు చెప్పొచ్చు. బేరమే లేకుండా ధర ఒక్కటే చెప్పి వెళ్లిపోయినవాడికి ఏం చెబుతాం?

బ్యాండు ఆగింది. కర్నల్ వచ్చి వరసలో మొదట ఉన్న అమ్మాయి ముందు నిలబడ్డాడు, కార్పొరల్ అవుతున్న పిల్ల, ఇరవై రెండేళ్లుంటాయేమో, ఆమె తండ్రి ట్రాక్టరు తోలేవాడు, బెంచీల్లోంచి లేచి మెడకు బిగిసిన టై సర్దుకుంటూ గడ్డి మీద జాగ్రత్తగా నడిచాడు, గాజుపెంకుల మీద నడిచినట్టు. "ఈ పట్టీ పెట్టేది ఎవరు?" అని కర్నల్ అడిగాడు. ఈ ప్రశ్న ఈ రెజిమెంటుది, వేరే చోట ఉందో లేదో ఎలియోకు తెలీదు. "నేను... నాన్నని," అన్నాడు ట్రాక్టరాయన, నేలకేసి గొణుగుతూ. మూడు వందల మంది ఒక్కసారిగా అరిచారు, "వినపడలేదు!" ఎప్పుడో తాతల కాలంలో ఒక కమాండరుకు ఫిరంగి మోతకి చెవులు పోయాయట, ఎవరేం చెప్పినా వినపడలేదు అనేవాడట, ఆయన పోయాడు, చెవులున్న కమాండర్లు వచ్చారు, ఆ మాట మాత్రం సిపాయిలు వదల్లేదు. ప్రతి తల్లీ ప్రతి పెళ్లామూ మొదటిసారి గొణుగుతుంది, మైదానమంతా వినపడలేదంటుంది, రెండోసారి గొంతు చించుకుంటుంది. "నాన్నని! దీని నాన్నని రా, చెవిటి వెధవల్లారా!" అని ట్రాక్టరాయన అరిచాడు, బెంచీలు గొల్లుమన్నాయి, ఆయన కూతురు కదలకూడదు కాబట్టి కదలకుండా ఏడ్చింది.

ఏడేళ్ల క్రితం ఇదే మైదానం, ఇదే ప్రశ్న, అప్పుడు వేరే కర్నల్. "ఈ పట్టీ పెట్టేది ఎవరు?" "పిన్ని కొడుకుని," అన్నాడు ఎలియో, మెల్లగానే అన్నాడు, రెండోసారికి ఊపిరి కూడా సిద్ధంగా పెట్టుకున్నాడు. ఎవరూ అరవలేదు. మూడు వందల గొంతుల్లో ఒక్కటి కూడా లేవలేదు. మైదానం అవతల ఒక తీతువు మాత్రం అరుచుకుంటూ పోయింది. కర్నల్ టోపీ అంచు సర్దుకుని, "పెట్టండి," అన్నాడు. ఎలియో పెట్టాడు, నక్షత్రం మెడవైపు, గీత చెయ్యివైపు, సరిగ్గా, గుడ్డతో తుడిచినట్టు సాపుగా. వాల్దెమార్ తన తల మీదుగా దూరంగా ఎక్కడికో చూస్తున్నాడు, దవడ ఎముక ఒక్కసారి కదిలి ఆగింది. ఇంటికి వచ్చాక మాతెలో నీళ్లు పోసి ఇచ్చాడు, చల్లారిపోయే దాకా తాగలేదు ఎలియో. మైదానంలోని ఆ మౌనాన్ని ఏడేళ్లుగా లాభం కిందే లెక్కేసుకున్నాడు, నమ్మారు కాబట్టే ఊరుకున్నారు, అనుమానం ఉంటే మళ్లీ చెప్పించి నవ్వేవాళ్లు కదా అని. వ్యాపారంలో ఇది మామూలే, కొనేవాడు ప్రశ్న వెయ్యలేదంటే సరుకు నచ్చినట్టే. కానీ ఒక్కోసారి ప్రశ్న వెయ్యకుండా వెళ్లిపోయినవాడు మళ్లీ దుకాణం గడప తొక్కడు, ఆ సంగతి కూడా ఎలియోకు తెలుసు, దాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు.

అసలు అది అబద్ధంలా మొదలవలేదు, పనికొచ్చే మాటలా మొదలైంది. బక్కపల్చటి సిపాయి ఒకడు బూట్ల లేసుల కోసం వచ్చాడు, వారం తిరక్కుండా మళ్లీ లేసులే, ఆ నెల్లో నాలుగు జతలు. ఏం బాబూ, లేసులు తింటున్నావా, అని అడిగాడు ఎలియో. సిపాయి చెవులు ఎర్రబడ్డాయి, "మీ దగ్గర ఇంకేం కొనాలో తెలీడం లేదండీ," అన్నాడు. అంతకంటే నిజాయితీ గల కొనుగోలుదారుణ్ణి ఎలియో ఆ తర్వాత కూడా చూడలేదు. సెలవు రోజుల్లో వాల్దెమార్ దుకాణం పైగదికి రావడం మొదలయ్యాక పక్కింటి రొట్టెలాయన అడిగాడు, ఎవరయ్యా ఆ అబ్బాయి అని, ఎలియో నోటి నుంచి వచ్చేసింది, నేను అతని పిన్ని కొడుకుని, అమ్మకూడని సరుకుని అయిపోయిందండీ అన్నంత తేలిగ్గా. వాల్దెమార్ తల్లి సెలెస్తెకు చెల్లెళ్లే లేరు. పిన్ని కొడుకు ఉన్నాక పిన్ని ఉండాలి కదా, ఆమెకొక పేరు కావాలి, ఒఫేలియా అన్నారు, ఊరు కావాలి, దూరంగా ఉండాలి, సముద్రం ఒడ్డున ఏదో అన్నారు, రాకపోకలు ఎందుకు లేవంటే కాళ్లనొప్పులన్నారు. పదేళ్ల తర్వాత ఆ కాళ్లనొప్పుల గురించి సలహాలిచ్చేవాళ్లు ఎక్కువైపోతే ఒఫేలియాను చంపేశారు. ఆ రోజు వీధి వీధంతా వంటలు మోసుకొచ్చింది, రొట్టెలాయన టోపీ తీసి చేతులు పట్టుకున్నాడు, మీ అమ్మ చల్లని తల్లి అయ్యుంటుంది అన్నాడు, ఎలియో నిజం తల్లి అప్పుడు రివేరా ఊళ్లో చెల్లెలింట్లో కూర్చుని చేపలు వేయించుకు తింటోంది. ఆ రాత్రి ఇద్దరూ మూకుడు మూతలు తీసి చూస్తూ పడీ పడీ నవ్వారు, నవ్వి నవ్వి ఆగాక వాల్దెమార్ అన్నాడు, "మనకోసం ఎవరూ ఇన్ని వంటలు చెయ్యరు కదా, నిజం చెబితే?" చల్లారిపోతోంది తిను, అన్నాడు ఎలియో.

సెలెస్తె పోయినప్పుడు మాత్రం నవ్వు లేదు. ఆమెకు తెలుసు, ఒక్కసారి కూడా నోరు విప్పి అనలేదు, కానీ ప్రతి ఆదివారం మూడు కంచాలు పెట్టేది, మూడోదాన్లో మాంసం ముక్క పెద్దది వేసేది. గోరీల దొడ్డిలో పెట్టె దించేటప్పుడు వాల్దెమార్ యూనిఫాంలో ముందు నిలబడ్డాడు, పక్కన అతని అక్క, వెనక మామలు, వాళ్ల వెనక చుట్టాలు, నాలుగో వరసలో ఎలియో, వీధివాళ్ల లెక్కలో చనిపోయిన ఒఫేలియా కొడుకు, వర్షంలో ఎవరి గొడుగు కిందో సగం తడుస్తూ. వాల్దెమార్ భుజాలు కదలడం ముగ్గురి తలల మధ్య నుంచి కనపడింది. పది అడుగుల దూరం. పది అడుగులు నడవడానికి ఎంత ఖర్చవుతుందో ఆ రోజు లెక్క వేశాడు, దుకాణం, గేటులోంచి వచ్చే సిపాయిలు, వాల్దెమార్ కొలువు, పై గది, అన్నీ ఒక పళ్లెంలో వేసి, పది అడుగుల్ని ఇంకో పళ్లెంలో వేసి, నడవలేదు. లెక్క తప్పలేదు. కానీ లెక్క తప్పకపోవడమే తప్పయిన రోజులు కొన్ని ఉంటాయి, వాటికి ఏం పేరు పెట్టాలో నాన్న నేర్పలేదు.

ఆ లెక్కకూ కారణం ఉంది, కారణం పేరు అమీల్కర్. పాత నిబంధన ఉన్న రోజులు, అలాంటి మగవాళ్లు సైన్యానికి పనికిరారని రాసుకున్న రోజులు. అమీల్కర్ కార్పొరల్, మంచి గుర్రపు రౌతు, ఒకరోజు మధ్యాహ్నం మామూలు చొక్కాలో దుకాణంలోకి వచ్చి బల్ల మీద చేతిరుమాలు విప్పాడు, అందులో అతని పట్టీలు, గుండీలు, టోపీ బిళ్ల. "వెనక్కి తీసుకుంటావా ఎలియో? కొత్తవాటిలాగే ఉన్నాయి, తుడిచే ఉంచాను," అన్నాడు. ఎవరో చెప్పారు, ఎవరో రాశారు, ఎవరో సంతకం పెట్టారు, మూడు రోజుల్లో అయిపోయింది. ఎలియో ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు, దగ్గరకు తీసుకోలేదు, కొత్త ధరే ఇచ్చి పంపాడు, అదొక్కటే చేతనైంది. అమీల్కర్ సరిహద్దు దాటి బ్రెజిల్లో ఏదో బియ్యం మిల్లులో చేరాడని విన్నాడు. ఆ రుమాలు ఇప్పటికీ కింది సొరుగులో ఉంది, అమ్మలేదు, పారెయ్యలేదు. సంతలో ఒక్క కుండ పగిలితే పక్క కుండలవాడు తన కుండల్ని దగ్గరికి జరుపుకుంటాడు. ఎలియో ఆ రోజు నుంచి జరుపుకుంటూనే ఉన్నాడు.

తర్వాత ఆ నిబంధన కొట్టేశారు. వాల్దెమార్ పేపరు పట్టుకుని దుకాణంలోకి దూసుకొచ్చాడు, అంతకు ముందెప్పుడూ యూనిఫాంలో పరిగెత్తుతూ రాలేదు. "చదువు, చదువు!" "చదివాను," అన్నాడు ఎలియో, "కాగితం మీద కొట్టేశారు. మనుషుల్లో కొట్టేశారో లేదో ఆగి చూద్దాం. మొదటి రోజే ఎగబడి కొనేవాడు మూర్ఖుడు." ఆగి చూశారు. ఏళ్లు గడిచాయి. వాల్దెమార్ ఆగడం మానేశాడు, ఎలియో ఆగుతూనే ఉన్నాడు.

కాంగోకు శాంతి దళంలో వెళ్లేముందు వాల్దెమార్ ఒక ఫారం నింపాడు, తనకేమైనా అయితే ఎవరికి చెప్పాలి అని. ఎలియోకు చెప్పకుండానే రాశాడు, ఎలియో ఫగుందెస్, జీవిత సహచరుడు. ఆ సంగతి ఐదేళ్ల క్రితం ఒక సాయంకాలం ఫోను మోగే దాకా ఎలియోకు తెలీదు. రాజధాని నుంచి ఎవరో డ్యూటీ ఆఫీసరు, పిల్ల గొంతు, మర్యాదగా అడిగింది, "సార్జెంట్ తెచేరా సహచరుడు మీరేనాండీ?" బల్ల ముందు ఇద్దరు సిపాయిలు నిలబడి బెల్టులు చూసుకుంటున్నారు. ఎలియో నోరు ఏళ్ల తరబడి అలవాటు మీద నడిచింది. "కాదండీ. పిన్ని కొడుకుని." అవతల కాగితాలు తిప్పిన చప్పుడు. "అలాగాండీ... క్షమించండి, ఇది సహచరుడికి తప్ప ఇంకెవరికీ చెప్పకూడదు. ఆయన వస్తే ఈ నంబరుకి చెయ్యమనండి." ఫోను పెట్టేసింది. సిపాయిల్లో ఒకడు ఈ బెల్టు ఎంతండీ అని అడిగాడు. ఎలియో ధర చెప్పాడు, బెల్టు చుట్టి ఇచ్చాడు, తలుపు వేశాడు, ఫోను ముందు నేల మీద కూర్చున్నాడు. మళ్లీ చేసి, నేనే అని చెబితే చాలు. నంబరు రాసుకోలేదు. రాజధానిలో తెలిసిన ఆఫీసు నంబర్లన్నిటికీ చేశాడు, ఎవరూ ఏమీ చెప్పలేదు, మీరేమవుతారని అందరూ అడిగారు, తడబడ్డాడు, తడబడ్డవాడికి ఎవరు చెబుతారు? రెండు రోజులు. బతికున్నాడో లేదో తెలీని రెండు రోజులు. మూడో రోజు వాల్దెమారే చేశాడు, మలేరియా, గొంతు బావిలోంచి వచ్చినట్టుంది, "నీకు చెప్పారు కదా, కంగారు పడ్డావా?" ఎలియో చెప్పలేకపోయాడు. తిరిగి వచ్చాక చెప్పాడు. వాల్దెమార్ కిటికీ దగ్గరికి వెళ్లి గేటు వైపు చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. "రెండు రోజులూ నువ్వు ఒక్కడివే ఉన్నావా?" అన్నాడు, "అయ్యో."

వాల్దెమార్ మర్నాడే వెళ్లి కమాండరుకు చెప్పేశాడు, నిలబడి, సెల్యూట్ చేసి, సెలవు అడిగినంత మామూలుగా. కమాండరు తెలుసు కూర్చో అన్నాడట. అందరూ అలా అనలేదు. దుకాణం రేకు తలుపు మీద ఎవడో బొగ్గుతో ఒక మాట రాశాడు, అది వాల్దెమార్ కింద పనిచేసే కుర్రాళ్లే తెల్లారేసరికి సున్నం కొట్టి చెరిపేశారు, ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఒక కెప్టెన్ భార్య మాత్రం గుండీలు కొనడానికి పక్క ఊరు వెళ్లడం మొదలుపెట్టింది. రెండేళ్ల క్రితం పెళ్లి చేసుకున్నారు, ఎలియో పట్టుబట్టడం వల్ల మూడు గంటల బస్సు దూరంలో ఉన్న ఊళ్లో, సాక్షులు ఆఫీసు ఊడ్చే ఆమె, ఇంకెవరి పనిమీదో వచ్చిన గొర్రెల ఆసామి. ఊడ్చే ఆమె బియ్యం లేవని చీపురు పుల్లలు విరిచి తల మీద చల్లింది. పత్రం రెజిమెంటు ఆఫీసులో ఇచ్చేశాడు వాల్దెమార్, కాగితాల్లో అంతా సరిగ్గా ఉంది, దేశానికి తెలుసు, సైన్యానికి తెలుసు, ఇద్దరి పళ్లు తోముకునే గ్లాసులకు తెలుసు. రొట్టెలాయన మీ పెద్దమ్మ కొడుకు బాగున్నాడా అంటే ఎలియో మాత్రం ఇంకా బాగున్నాడండీ అనే అంటున్నాడు. ఇన్నాళ్లూ దాచింది వాల్దెమార్ కొలువు కోసం అనుకున్నాడు. కొలువుకు భయం పోయింది, దాచడం పోలేదు. ఇక ఎవరికోసం దాస్తున్నట్టు?

"తాగుతావా, లేక బుర్రని చేత్తో వేడి చేస్తూ కూర్చుంటావా?" పక్కనున్న నయీర్ మోచేత్తో పొడిచింది. గేటు దగ్గర వేయించిన రొట్టెలమ్మే మనిషి, సార్జెంట్ పెళ్లాం, నాలుగేళ్లుగా సార్జెంట్ విధవ, పింఛను రోజున కూడా రొట్టెల బండి మానదు. ఎలియో చేతిలో మాతె బుర్ర ఎప్పుడొచ్చిందో అతనికే తెలీదు. పీల్చాడు, చేదు గొంతు దాకా దిగింది, తిరిగి ఇచ్చాడు. మైదానంలో రెండోది జరుగుతోంది, సార్జెంట్ అవుతున్నవాడి పెళ్లాం, చంకలో పిల్లతో, "పెళ్లాన్ని!" అని మొదటిసారే గావుకేక పెట్టింది, సిపాయిలు తగ్గలేదు, వినపడలేదని అరిచారు, "ఇంటికి రండి, ఒక్కొక్కడి చెవిలో చెబుతా!" అంది, చంకలో పిల్ల ఏడుపందుకుంది, కర్నల్ కూడా నవ్వు ఆపుకోలేక గడ్డివైపు చూశాడు.

"తర్వాత నువ్వే," అంది నయీర్.

"తెలుసు నయీరక్కా."

"ఏం చెబుతావ్?"

"ఏం చెప్పాలో చెబుతాను."

"అంటే క్రితంసారి లాగానా?" ఆమె ఫ్లాస్కు మూత బిగించింది, బిగించి మళ్లీ తీసింది. "ఆ రోజు మా ఆయన మూడో వరసలో ఉన్నాడు. ఇంటికొచ్చి బూట్లు విప్పకుండానే చెప్పాడు. నువ్వు పిన్ని కొడుకుని అన్నావా, వెనకున్న కొత్త కుర్రాడొకడు వినపడలేదు అని అరవబోయాడట, మా ఆయన వాడి కాలు తొక్కాడట, మడమతో. ఊరుకో రా, అన్నాడట, అబద్ధాన్ని మనిషి చేత రెండోసారి చెప్పించకూడదు అని. వరసలన్నిట్లో అంతేనటయ్యా, ఎవడి పక్కవాడు వాణ్ణి నొక్కాడట."

ఏడేళ్లు. ఏడేళ్లుగా లాభం కింద రాసుకున్నది మూడు వందల మంది తన మీద పెట్టిన జాలి. అందరికీ తెలుసు. ఒఫేలియా చావు వంటలు మోసుకొచ్చినప్పుడు కూడా తెలుసేమో, రొట్టెలాయన టోపీ తీసినప్పుడు, ఆ చేతులు పట్టుకున్నప్పుడు, ఎవరి చావుకని పట్టుకున్నాడు? గల్లాపెట్టె తాళం చెవి జేబులో పెట్టుకుని, వెనక గోడే లేని దుకాణంలో కాపలా కూర్చున్నట్టు కూర్చున్నాడు తను. సిగ్గు కిందినుంచి మెడ దాకా పాకింది, దాని వెనకాలే ఇంకోటి పాకింది, భయం, ఇది కొత్త భయం. నిజమే చెప్పాననుకో. అప్పుడూ ఊరుకుంటే? ఆ మాట కూడా ఇంకోసారి వినడం ఇష్టంలేక మూడు వందల మందీ పళ్లు బిగబట్టుకుంటే? అబద్ధానికి జాలి చూపించారు సరే, నిజానికి ఏం చూపిస్తారో ఏ సంతలోనూ ధర పలకలేదు ఇంతవరకు. అమీల్కర్ రుమాలు విప్పిన చేతులు గుర్తొచ్చాయి, గోళ్లు శుభ్రంగా ఉన్నాయి ఆ రోజు. తీతువు మళ్లీ అరిచింది, లేక అదే తీతువు ఏడేళ్లుగా ఆ గట్టు మీదే ఉందేమో.

"నయీరక్కా, వాళ్లు ఊరుకుంటే?"

"ఊరుకుంటే నేనరుస్తా. లే."

లేచాడు. గడ్డి తడి బూట్లకు అంటుతోంది, ముందు ట్రాక్టరాయన ఎందుకంత జాగ్రత్తగా నడిచాడో ఇప్పుడు తెలుస్తోంది, ఇంతమంది చూస్తుంటే నేల కూడా మనది కాదు. పది అడుగులు, గోరీల దొడ్డిలో నడవని పది అడుగులు, ఇవి నలభై ఉంటాయి, ఇన్నేళ్లకు పెరిగాయి కాబోలు. వాల్దెమార్ కళ్లు ఎదరకే ఉన్నాయి, ఇంత దగ్గర్నుంచి గాటు మీద ఎండిన రక్తం కనపడుతోంది, కాగితం ముక్క అంటించుకుని పీకేసిన గుర్తు. ఎన్ని వేలసార్లు చూసిన మొహం, ఈ మైదానంలో మాత్రం ఎప్పుడూ పక్కచూపు చూసే మొహం. పెదవులు కదపకుండా మాట్లాడటం అతనికి వచ్చు, పరేడుల్లో సిపాయిలందరికీ వస్తుంది, కానీ ఏమీ అనలేదు. పొద్దునే చెప్పేశాడు. ధర చెప్పేశాక మళ్లీ చెప్పడు.

"ఈ పట్టీలు పెట్టేది ఎవరు?" అన్నాడు కర్నల్.

నాలుక మీదికి పాతదే వచ్చింది, అరిగిన మెట్టు మీద కాలు దానంతటదే పడ్డట్టు, పి అనే అక్షరానికి పెదాలు అప్పటికే కలిశాయి. రెండు రోజుల ఫోను గుర్తొచ్చింది. కాదండీ అన్న తన గొంతు గుర్తొచ్చింది, ఎంత తేలిగ్గా, ఎంత మర్యాదగా అన్నాడో. పెదాలు విడదీశాడు.

"అతని భర్తని," అన్నాడు.

తన చెవులకే సరిగ్గా వినపడలేదు. కర్నల్ మొహం కదల్లేదు. మైదానం కదల్లేదు. జెండా తాడు కర్రకు కొట్టుకుంటున్న చప్పుడు, టక్, టక్, బెంచీల్లో ఏడుస్తున్న పిల్ల కూడా ఆగింది. ఎలియో లెక్క పెట్టలేదు, జీవితంలో మొదటిసారి ఏదీ లెక్క పెట్టకుండా నిలబడ్డాడు, నిలబడితే ఎంతసేపో తెలీలేదు. సరే, అనుకున్నాడు. ఊరుకున్నారు. చెప్పాల్సింది చెప్పాను, ఇక పెట్టాల్సింది పెడదాం, అని జేబులో చెయ్యి పెట్టాడు.

వెనక వరసలో ఎక్కడో ఒక గొంతు, పలచగా, ఇంకా మీసం సరిగ్గా రాని గొంతు, "వినపడలేదు!" అంది. ఎవడూ వాడి కాలు తొక్కలేదు. ఆ వెంటనే మూడు వందలూ లేచాయి, నేల అదిరింది, ట్రాక్టరాయనకు అరిచినంతగా, పిల్లను ఎత్తుకున్న పెళ్లానికి అరిచినంతగా, ఒక వీసం ఎక్కువా కాదు తక్కువా కాదు, ఎలియో తూచాడు, తూచడం చేతనైన మనిషి, సరిగ్గా అంతే ఉంది. "వినపడలేదు!" బెంచీల్లోంచి నయీర్ గొంతు కూడా వచ్చింది, ఆమెకు అరిచే హక్కు లేకపోయినా.

నాన్న చెప్పేవాడు, గొంతుతో అరవకూడదురా, పొట్టతో అరవాలి, సంత ఆ చివర దుప్పటి అవసరమున్నవాడు ఒకడుంటాడు, వాడికి వినపడాలి. ఇరవై రెండేళ్లుగా దుకాణంలో గుసగుసల మీద బతికిన పొట్ట అది. కాళ్లు ఎడంగా పెట్టాడు. గాలి పీల్చాడు, గడ్డి వాసన, బూటు పాలిష్ వాసన, పక్కనున్న మనిషి మెడ దగ్గర సబ్బు వాసన. అరిచాడు. "భర్తని! వాల్దెమార్ తెచేరా భర్తని!" ఆ కేక వరసలన్నీ దాటింది, జెండా కర్ర దాటింది, గేటు దాటి రోడ్డవతల మూసి ఉన్న తన దుకాణం రేకు తలుపుకు తగిలి, ఎవరో తట్టినట్టు తిరిగి వచ్చింది.

అంతా ఏం చేశారో ఎలియో చూడలేదు, చప్పుడు మాత్రం వర్షంలా ఉంది. కాగితం విప్పాడు, ఒక పట్టీ జారింది, పట్టుకున్నాడు, గుచ్చాడు, రెండోది గుచ్చాడు, అరచేత్తో ఆ భుజాన్ని ఒకసారి నొక్కాడు, అందరి ముందూ, పట్టపగలు.

"ఎలియో," అన్నాడు వాల్దెమార్, పెదాలు కదపకుండా.

"ఆఁ."

"తలకిందులుగా పెట్టావు."

ఎలియో చూశాడు. గీత మెడవైపు, నక్షత్రం చెయ్యివైపు, రెండూ.

"ఉండనీ," అన్నాడు.